ఉండిపోవడం వేరు, మనసు పెట్టి పనిచేయడం వేరు

అధ్యాపకుల నిబద్ధత గురించి వచ్చిన ఒక వ్యాసంలో, జీతాలు పెంచితే వాళ్లు కాలేజీని అంటిపెట్టుకుని ఉంటారని రాశారు. ఉంటారు, కాదనను. కానీ వదిలి వెళ్లకపోవడమే నిబద్ధత ఎలా అవుతుంది? 1991లో మేయర్, అలెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగి నిబద్ధతను మూడు రకాలుగా విడదీశారు: ఇష్టంతో ఉండటం, వదిలితే నష్టమని ఉండటం, ఉండటం తన ధర్మమనుకుని ఉండటం. ఇబ్రహీంపట్నం వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లు పనిచేశాను. మొదట్లో ఇష్టంతోనే ఉన్నాను. తర్వాత మాత్రం నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీవాళ్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు కాబట్టి, నెత్తిమీద ఇంటి లోను ఉంది కాబట్టి ఉన్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదంటూ ఒక్కోసారి రెండు మూడు నెలల జీతం ఆపేవారు. అంతకంటే కుంగదీసింది వేసవి. ఇంటర్ ఫలితాలు రాగానే పిల్లల ఫోన్ నంబర్లు చేతికిచ్చి, తలా ఇన్ని అడ్మిషన్లు తేవాలనేవారు. పీహెచ్‌డీ చేసినవాణ్ణి, తల్లిదండ్రులకు ఫోన్ చేసి సీటు తీసుకోమని బతిమాలేవాణ్ణి. (మా నాన్నగారు బడిపంతులు, ఈ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేకపోయాను.) మధ్యలో ఓ రెండేళ్లు మాత్రం చాలా బాగా గడిచాయి. అప్పటి హెచ్‌ఓడీ (విభాగాధిపతి) మేడం ల్యాబ్ ప్రయోగాలు నన్నే రూపొందించమన్నారు, వారంలో ఒక మధ్యాహ్నం పరిశోధనకు వదిలేశారు. జీతం రూపాయి పెరగలేదు, అయినా సాయంత్రం ఆరు దాటాక కూడా పిల్లలతో ల్యాబ్‌లోనే ఉండేవాణ్ణి. జీతం అక్కర్లేదని కాదు. ఏడో వేతన సవరణలో యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మొదటి మూలవేతనం 57,700 రూపాయలుగా పెట్టింది, అది అందరికీ అందాల్సిందే. దాంతోపాటు సర్టిఫికెట్లు మా చేతికి రావాలి, అడ్మిషన్ల పని మా నుంచి తీసేయాలి.