గుర్రాన్ని పస్తు పెడితే పుండు మానదు

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, నెల్లూరు గుర్రాలవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతుంది. ఈసారి ఒంగోలు నుంచి కూడా ముగ్గురు నాకు పంపారు. అందులో చెప్పేది ఇదీ: గుర్రం ఉలవలు వదిలేస్తే అది గ్యాసే. ఒకరోజు పస్తు పెట్టాలి, మజ్జిగలో వంటసోడా కలిపి సీసాతో పట్టాలి. లద్దె నల్లగా లేకపోతే కడుపులో పుండు లేనట్టే. గుర్రాలకు వైద్యం చేసేవాడిగా వీటిలో ఒక్కటి కూడా పూర్తిగా ఒప్పుకోలేను.

ముందు పస్తు సంగతి. ఒంగోలు గిత్తకు కడుపు నాలుగు గదులు, తిన్నది తీరిగ్గా నెమరేసుకుంటుంది. గుర్రానికి ఒకటే గది, అదీ 8 నుంచి 15 లీటర్లే. అందులో తిన్నా తినకపోయినా రోజంతా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచేది లాలాజలం, అదేమో నమిలినప్పుడే వస్తుంది. పైగా కడుపు పైభాగానికి జిగురుపొర కాపుదల లేదు. మేత ఆగితే ఆమ్లం నేరుగా అక్కడ తగులుతుంది. పరిశోధనల కోసం గుర్రాలకు పుండ్లు తెప్పించాలంటే చేసేది రోజు మార్చి రోజు పస్తు పెట్టడమే! మనవాళ్లు దాన్నే వైద్యం అంటున్నారు.

ఊరేగింపు గుర్రాన్ని చూడండి. సాయంత్రం నాలుగింటికి ముస్తాబు, ఆపైన బ్యాండు, టపాసులు, అర్ధరాత్రి దాకా గడ్డిపరక లేదు. ఇంటికొచ్చాక ఒకేసారి బకెట్ నిండా దాణా. మర్నాడు మూతి తిప్పుకుంటే గ్యాస్ అంటాం.

సోడా కాసేపు మంట తగ్గిస్తుంది, కాదనను. కానీ పుండు మానాలంటే ఆమ్లం ఊరడమే వారాల తరబడి తగ్గాలి. సీసాతో బలవంతంగా పడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే ఉంది. 'అయితే ఆమ్లం ఊరడం తగ్గించే ఒమెప్రజోల్ మందు వేస్తాలే' అంటారు కొందరు. మామూలు మోతాదు కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు. 300 కిలోల గుర్రానికి మనం మింగే 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ 60 అవుతాయి! పొడి చేసి కలిపితే ఆ మందు కడుపులోని ఆమ్లానికే పాడైపోతుంది.

లద్దె రంగు నమ్మొద్దు. కడుపులో కారిన రక్తం పొడవాటి పేగుల్లో అరిగిపోతుంది, బయటికి కనపడదు. గడ్డి తింటూ దాణా వదిలేయడం, జీను పట్టీ బిగిస్తే విసుక్కోవడం, వెంట్రుక మెరుపు తగ్గడం, చిక్కిపోవడం చూస్తే పుండేమో అని అనుమానించాలి. అనుమానమే సుమా, పళ్ల జబ్బుకూ నులిపురుగులకూ ఇంచుమించు ఇవే లక్షణాలు. తేల్చేది 3 మీటర్ల గ్యాస్ట్రోస్కోపు, అంటే కడుపులోకి దింపి చూసే కెమెరా గొట్టం. మనుషులకు వాడే మీటరు గొట్టం సరిపోదు. ఆ పరీక్షకు ముందు 12 నుంచి 16 గంటలు మేత ఆపాలి. పస్తుకు చోటున్నది అక్కడే, అదీ డాక్టరు చెప్పినంతసేపే. పుండు పైభాగంలో ఉందా, కింది భాగంలోనా అన్నదీ స్కోపులోనే తెలుస్తుంది. కిందిదైతే ఒమెప్రజోల్ ఒక్కటే చాలకపోవచ్చు, పుండు మీద పొరలా అంటుకునే సుక్రాల్‌ఫేట్ కూడా కలుపుతాం.

చెమటలు పట్టి దొర్లుతుంటే మాత్రం అది శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి, పరీక్షల దాకా ఆగొద్దు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. సొంతంగా నొప్పి ఇంజెక్షన్లు పొడవకండి. ఫినైల్‌బ్యూటజోన్ లాంటివే పుండ్లు పెంచుతాయి.

ఈసారి ఊరేగింపుకు వెళ్లేటప్పుడు జీనుతో పాటు ఒక మోపు గడ్డి కూడా వేసుకోండి. బ్యాండువాళ్లు టీ తాగొచ్చేలోపు గుర్రం నాలుగు పరకలు నములుకుంటుంది.