అక్కా, జర ఫ్లెక్సీ కనబడేటట్టు నిలబడు

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో కంపెనీల డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు పెట్టే శిబిరాల్లో, ఆడవాళ్ల రక్తహీనతకు మొట్టమొదట కావాల్సిన మందు ఫ్లెక్సీ. ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, అంచుల వెంట రింగులు, కట్టడానికి రెండు బొంగులు, సుతిలి తాడు. ఎడమ మూల కంపెనీ లోగో, కుడి మూల స్వచ్ఛంద సంస్థ లోగో. నడుమ పాలగ్లాసు పట్టుకుని నవ్వే గర్భిణి. ఆమె మన జిల్లా మనిషి కాదని చూడగానే తెలుస్తుంది. చీరకు చెమట లేదు, హిమోగ్లోబిన్ పదమూడుకు తగ్గినట్టు లేదు. కింద వరసగా అతిథుల ముఖాలు, పాస్‌పోర్టు సైజులో. ‘స్థలం’ అన్న చోట మాత్రం ఖాళీ. పొద్దున ఒక ఊరి పేరు స్టిక్కరు అంటిస్తారు, సాయంత్రం పీకి ఇంకో ఊరిది అంటిస్తారు. ఒక్క ఫ్లెక్సీతో మండలం మొత్తానికి రక్తం పట్టించవచ్చు. పొదుపంటే ఇదీ.

2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి. ఇంత పెద్ద శత్రువు మీదికి దండయాత్ర పోవాలంటే ముహూర్తం చూడాలి కదా. సంస్థలు చూసుకున్న ముహూర్తం మార్చి నెల రెండో సగం. ఇందులో పంచాంగం పాత్ర ఏమీ లేదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని కిందికి వచ్చే కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. పదకొండు నెలలు నిద్రపోయిన బాధ్యత మార్చి 31 దగ్గర పడగానే ఉలిక్కిపడి లేస్తుంది. వెంటనే సంస్థకు ఫోను. సంస్థ నుంచి ఫ్లెక్సీ షాపుకు ఫోను. తల్లులకు ఫోను ఆఖరున, అదీ అంగన్‌వాడీ టీచరు చేయాలి, సొంత బ్యాలెన్సుతో.

మరి మార్చిలో పాలమూరులో కోస్గి, మద్దూరు దిక్కు తండాల్లో ఉండేదెవరు? ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన పిల్లలు, తాళాలు. వయసులో ఉన్న ఆడవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కూడా, మొగుళ్ల వెంట ఇటుక బట్టీలకో, పట్నంలో మేస్త్రీ పనులకో పోయి ఉంటారు. బట్టీ వానలు పడేదాకా ఆగదు. ‘వలస కుటుంబాల తల్లులకు ప్రత్యేక శిబిరం’ అని ఫ్లెక్సీ ఇక్కడ, ఆ తల్లులు అక్కడ. అయినా కుర్చీలు ఖాళీగా కనిపించకూడదు. పొదుపు సంఘం మహిళలను పిలిచి నింపుతారు. ముందు వరసలో అరవై దాటిన అవ్వ. ఆమెకు ‘గర్భిణులు తీసుకోవలసిన జాగ్రత్తలు’ గంటసేపు చెప్తారు. అవ్వ కదలకుండా వింటుంది. ఆరుగురిని కన్నది, ఇకముందన్నా జాగ్రత్తగా ఉంటుంది.

శిబిరానికి అంగన్‌వాడీని ఎంచుకోవడంలో గొప్ప దూరదృష్టి ఉంది. అక్కడ అప్పటికే ఒక పని జరుగుతుంటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే ఇస్తున్నారు. మామూలు రోజుల్లో పన్నెండు దాటగానే పళ్లెం ముందుకు వస్తుంది. శిబిరం రోజు మాత్రం ముఖ్య అతిథి రాకుండా గంజు మీద మూత లేవదు. ఆయన వచ్చేది రెండింటికి. అంటే పౌష్టికాహారం మీద అవగాహన కల్పించడానికి ఉన్న పౌష్టికాహారాన్ని రెండు గంటలు ఆపి ఉంచుతారు. ఆయమ్మ గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీయకుండా కాపలా కూర్చుంటుంది. టీచరు ఏమీ అనదు. ఆమె పైఅధికారి ఫొటో కూడా ఫ్లెక్సీలో ఉంది మరి.

అతిథి దిగాక అసలు ఘట్టం మొదలవుతుంది: గోలీ మింగుడు. ఎర్రగోలి అంటే అందరికీ తెలుసు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు మింగాలి. ఊరి ఆరోగ్య ఉపకేంద్రం, అదే సబ్‌సెంటర్‌లో పైసా తీసుకోకుండా ఇస్తారు. అయితే సబ్‌సెంటర్‌లో ఇచ్చిన గోలీకి ఫొటో ఉండదు. అందుకని ఇక్కడ ఇరవై మంది ఆడవాళ్లను ఎండలో వరసగా నిలబెట్టి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి, అందరి చేతా ఒక్కసారి మింగిస్తారు. ఖాళీ కడుపు మీద. ఫొటోలో రెండు చేతులు కదిలి మసకగా వస్తే, గోలీ లేకపోయినా సరే, నోటి దగ్గర చెయ్యి పెట్టి మళ్లీ చూపించమంటారు. అది కాగానే ప్లాస్టిక్ కప్పుల్లో చాయ్ వస్తుంది, బిస్కెట్లతో. చాయ్‌లోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. గోలీకీ చాయ్‌కీ గంటా రెండు గంటలు ఎడం ఉండాలని సబ్‌సెంటర్ నర్సమ్మ, అంటే ఏఎన్‌ఎం, ఏడాది పొడుగునా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పే మాట. ఆ ఏఎన్‌ఎం అక్కడే ఉంటుంది. ఆమెకే కప్పులు పంచే పని అప్పజెప్తారు.

అరగంట గడిచాక అంగన్‌వాడీ వెనక వేపచెట్టు కింద ఇద్దరు ముగ్గురు కక్కుకుంటుంటారు. ఖాళీ కడుపులో ఇనుము పడితే వికారం పుడుతుంది, అది మందు తప్పు కాదు. కానీ ఆ సాయంత్రానికి ఊళ్లో మాట పుడుతుంది: ‘ఆ ఎర్రగోలి పడది, కడుపులో బిడ్డకు వేడి చేస్తది.’ శిబిరం ఒక పూటలో ముగుస్తుంది, ఈ మాట మూడు కాన్పుల దాకా తిరుగుతుంది. రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకుంటే వికారం తెలియదనీ, వీలైతే ఆ అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుందనీ, కాల్షియం గోలీ ఇదే పూట వేసుకోకూడదనీ, దొడ్డికి నల్లగా వస్తే భయపడొద్దనీ చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు స్వాగతోపన్యాసంలో పోతాయి.

తర్వాత కిట్టు. రాగిపిండి, బెల్లం, పల్లిపట్టీలు, ఖర్జూరం ఉన్న సంచి. సంచి మీద లోగో, లోపలి సామాను కన్నా స్పష్టంగా. ఈ సంచిని ఒక గర్భిణి చేతికి ఇవ్వడానికి ఎంతమంది కావాలి? సంచికి రెండే పట్టీలు, అతిథులు తొమ్మిది మంది. ముందు ఇద్దరు పట్టీలు పట్టుకుంటారు, తర్వాతి ఇద్దరు సంచి అడుగున చెయ్యి వేస్తారు, మిగతావాళ్లు ముందువాళ్ల మోచేతులు పట్టుకుంటారు. విద్యుత్తులాగా పుణ్యం అలా పారుతుంది కాబోలు. అందరి ముఖాలూ కెమెరా వైపే. ఇచ్చేదెవరికో చూసేవాడు ఒక్కడూ ఉండడు.

‘అక్కా, జర ఫ్లెక్సీ కనబడేటట్టు నిలబడు. గట్ల కాదు, లోగో కనబడ్తలేదు.’

‘సారూ, పొద్దటి సంది ఏం తినలే. కండ్లు తిరుగుతున్నయ్.’

‘రెండే నిమిషాలక్కా. జర నవ్వు.’

నవ్వుతుంది పాపం. ఇంతలో గాలి లేచి ఫ్లెక్సీ ఒక మూల ఊడుతుంది. తొమ్మిది మందిలో ఏడుగురు ఫ్లెక్సీని కాపాడటానికి ఉరుకుతారు. బొంగు మళ్లీ నిలబెట్టి, సుతిలి కట్టి, స్టిక్కరు ఊరి పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, సంచి వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. లబ్ధిదారులు ఒకరా ఇద్దరా అన్న లెక్క ఇలాంటి చోటే పెరుగుతుంది.

లెక్కల సంగతి వచ్చింది కనుక రక్తపరీక్ష చూద్దాం. నివేదికలో ‘రెండు గంటల్లో 150 మందికి హిమోగ్లోబిన్ పరీక్ష’ అని ఉంటుంది. సాహ్లీ పద్ధతి ఎలా చేస్తారో తెలిసినవాళ్లకు ఇది చదివితే చెమటలు పట్టాలి. గొట్టంలో అడుగు గీత దాకా పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి, వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం పీల్చి అందులో వదలాలి, పది నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటరు బొట్టు బొట్టుగా వేసి కలుపుతూ పక్కనున్న గాజు రంగుతో సరిచూడాలి. మనిషికి పావుగంట. టెక్నీషియన్ ఒక్కడు, గొట్టాలు రెండు. రెండు గంటలకు పదహారు మంది. మిగతా 134 మంది రక్తం ముఖం చూసి రాసిందే. అందుకే రిజిస్టరులో 9.5, 10, 10.5 అని అందంగా వరసగా ఉంటాయి. ఆ పదహారు కూడా అనుమానమే. స్పిరిట్ ఆరకుండా పొడిచినా, రక్తం రావడం లేదని వేలిని పిండినా రక్తం పలచబడి అంకె తగ్గుతుంది.

సరే, అంకె తప్పో ఒప్పో. ఒకామెకు 6.4 వచ్చింది అనుకుందాం, ఎనిమిదో నెల. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత, 7 లోపు తీవ్రం. 7 నుంచి 10.9 మధ్య ఉన్నవాళ్లకు రోజుకు రెండు గోలీలు, నెలనెలా మళ్లీ పరీక్ష, నెలలో ఒక గ్రాము కూడా పెరగకపోతే పెద్దాసుపత్రికి. ఏడు లోపు, అందులోనూ చివరి మూడు నెలల్లో ఉంటే, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ఇది ప్రభుత్వ మార్గదర్శకాల్లో అచ్చయి ఉన్న మాట, రహస్యం కాదు. శిబిరంలో ఆమెకు చెప్పిందేమిటి? ‘ఆకుకూరలు బాగా తినాలమ్మా.’ చేతిలో అరటిపండు పెట్టి పంపించారు.

ఆకుకూరలు! 6.4 ఉన్న మనిషి కాన్పులో, ఇంకొకరు తట్టుకునే పాటి రక్తం పోయినా తట్టుకోలేదు. ఎనిమిదో నెలలో పుంటికూర తిని, తోటకూర తిని కాన్పునాటికి ఎంత పెంచుకుంటుంది? పైగా ఆ అంకె ఆమె తల్లీబిడ్డల కార్డులో రాయలేదు. సంస్థ రిజిస్టరులో ఉంది, రిజిస్టరు హైదరాబాదు ఆఫీసుకు పోయింది. రేపు నొప్పులు మొదలై 108లో దేవరకొండ ఆసుపత్రికి తెస్తే, అక్కడి నర్సు చేతికొచ్చే కార్డులో ఆ గడి ఖాళీ. వేలు ఆమెది, పొడిచింది ఆమెను, రక్తం ఆమెది. అంకె మాత్రం మీ పవర్‌పాయింట్‌కా? ప్రాణం మీదికి వచ్చిందని తెలిసి కూడా చెప్పకుండా తీసుకుపోయారు. దానికి శాలువాలు, మెమెంటోలు. సిగ్గుండాలి.

ఫొటో దిగకుండా ఏళ్ల తరబడి తండాల్లో గుడిసె గుడిసె తిరిగే సంస్థలు లేవని కాదు. ఉన్నాయి, వాటికి మార్చిలో ఫోన్లు రావు.

ఎందుకు రావంటే, ఈ దానాలన్నిటికీ ఒకటే నియమం: లోగో అంటించడానికి చోటుందా లేదా? హిమోగ్లోబిన్ మీటరు ఇస్తారు, దాని వీపు మీద స్టిక్కరు పడుతుంది. అందులో పెట్టే స్ట్రిప్పులు ఇవ్వరు, గోరంత స్ట్రిప్పు మీద ఏం లోగో పడుతుంది? అందుకని తెచ్చిన డబ్బా అయిపోయిన మర్నాటి నుంచి మీటరు బీరువాలో, స్టిక్కరు చెక్కుచెదరకుండా. తీవ్రంగా ఉన్నామెకు ఐరన్ సుక్రోజ్, అంటే నరంలోకి ఇచ్చే ఇనుము మందు, ఎక్కించాలి. సాధారణంగా ఒక్కోసారి 200 మిల్లీగ్రాములు, రోజు విడిచి రోజు. అంటే నాలుగైదు సార్లు ఆసుపత్రికి తిరగాలి. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమే, తండా నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా ఆటో ఉచితం కాదు. పోయిన ప్రతిసారీ కూలి పోతుంది, వెంట వచ్చిన మనిషి కూలీ పోతుంది. ఆటో కిరాయికి లోగో అంటించలేరు. ముప్ఫయ్యో రోజున ఇంటికి పోయి ‘గోలీలు ఎన్ని మిగిలినయ్ అక్కా’ అని అడిగే మనిషి జీతం ఫ్లెక్సీలో కనబడదు.

నిజంగా వలస తల్లులకే పెట్టదలిస్తే శిబిరం జూన్‌లో పెట్టండి, బట్టీ దిగి వచ్చాక. ఇంకా మేలు, దసరా దాటాక లారీ ఎక్కకముందే. పరీక్ష చేసి, అంకె కార్డులో రాసి, మూడు నెలల గోలీలు, ఆశా కార్యకర్త ఫోన్ నంబరు చేతిలో పెట్టి పంపండి. బట్టీ దగ్గరి అంగన్‌వాడీకి ఆమె పేరు అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో బదిలీ చేయించండి, ఆ వీలు ఉంది. కాకపోతే ఆ నెలల్లో సంస్థల వాళ్లకు తీరిక దొరకదు. మార్చి ఫొటోలతో వార్షిక నివేదిక అచ్చు వేయిస్తుంటారు.