సమతులాహారం: రెండు మార్కుల ప్రశ్న

బడుల్లో పిల్లలకు పోషకాహారం గురించి సరిగా చెప్పడం లేదంటూ గిట్టనివాళ్లు చేస్తున్న ప్రచారాన్ని ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏ విద్యార్థిని నిద్రలేపి అడిగినా విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి, సి లోపిస్తే స్కర్వీ, డి లోపిస్తే రికెట్స్ అని తడుముకోకుండా అప్పజెబుతాడు. పొద్దున తానేం తిని వచ్చాడన్నది మాత్రం గుర్తుండదు, ఎందుకంటే అది సిలబస్‌లో లేదు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు స్కర్వీతో బాధపడుతున్న పన్నెండు మంది నావికులకు జంటకో రకం మందు ఇచ్చి చూస్తే, నారింజలు, నిమ్మకాయ తిన్న ఇద్దరే త్వరగా తేరుకున్నారు. పాపం, ఆయన వారిచేత పండ్లు తినిపించాడే తప్ప జతపరచమని అడగలేదు. బోధనాశాస్త్రం అప్పటికింకా అంత ఎదగలేదు.

అయిదు నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనిని ఎంత నిష్ఠగా అమలు చేస్తున్నారో నేను కళ్లారా చూశాను. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల పీరియడ్‌ను సైన్సు మాస్టారు అరువు తీసుకుని, ‘వ్యాయామం వల్ల లాభాలు’ అనే పాఠానికి నోట్సు చెప్పారు. పిల్లలందరూ బల్లల మీదికి వంగి నలభై నిమిషాలు రాశారు. ఆ గదిలో వ్యాయామం దక్కినది కుడిచేతి మూడు వేళ్లకే. ఆరో లాభం దగ్గర ఒక కుర్రవాడు ఒళ్లు విరుచుకోబోతే, కదలకుండా కూర్చోమని మాస్టారు గద్దించారు.

యుక్తవయసు మొదలయ్యేసరికి పిల్లలకు రాత్రి నిద్ర ఆలస్యంగా పట్టడం శరీర ధర్మమేనని, మిడిల్ స్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలుకారాదని 2014లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం సిఫారసు చేసింది. అంత ఖర్చులేని ఉపాయం మన దగ్గర ఉంది: నిద్ర అవసరాన్ని వివరించే పాఠాన్ని మొదటి పీరియడ్‌లో పెడితే సిద్ధాంతమూ ప్రయోగమూ ఒకేసారి పూర్తవుతాయి. చేతులు కడుక్కునే విధానం గురించిన ఛార్టు కూడా కుళాయి పైనే ఉంది. నీళ్లు రాకపోవడం వల్ల ఇన్నేళ్లయినా రంగు చెడలేదు.

కొందరు మేధావులు, పిల్లలచేత ప్యాకెట్ల మీది వివరాలు చదివించాలని, వంట కూడా చేయించాలని అంటున్నారు. అలా చేస్తే అలవాట్లు ఏర్పడతాయట. ఏర్పడితే వాటికి మార్కులు ఎవరు వేయాలి? పైగా ఇందులో ఉన్న ప్రమాదం ఇప్పటికే ఒక తరగతి గదిలో బయటపడింది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ డబ్బా మీద 35 గ్రాముల చక్కెర అని చదివి, చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున లెక్కవేసి, దాదాపు తొమ్మిది చెంచాలని తేల్చింది. అంతటితో ఆగక, మరి మన క్యాంటీన్ ఫ్రిజ్ నిండా ఇవే ఎందుకున్నాయని అడిగింది. అది ఆర్థికశాస్త్రమని, పై తరగతుల్లో వస్తుందని ఉపాధ్యాయురాలు ఓపికగానే చెప్పారు.

ఆ పిల్లకు నచ్చినట్టు లేదు. యూనిట్ పరీక్షలో ‘చక్కెర మనకు ______ నుంచి లభిస్తుంది’ అన్న ఖాళీలో ‘క్యాంటీన్’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. జవాబుల పట్టికలో ‘చెరకు’ అని ఉండడంతో అర మార్కు పోయింది.