షీలా గుమ్మం దాటిన తర్వాత కూడా కథ ఉంది

'షేమ్‌లెస్' టీవీ సీరియల్ అమెరికన్ వెర్షన్ చూసినవాళ్లు తండ్రి ఫ్రాంక్ తాగుడు గురించో, అతని కూతురు ఫియోనా కష్టాల గురించో మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఆ సీరియల్ అంటే షీలా జాక్సన్. 2011లో మొదలైన ఆ కథలో జోన్ క్యూసాక్ చేసిన పాత్ర అది. చాలామంది ఆమెను నవ్వించడానికి పెట్టిన పాత్రగానే చూసి వదిలేశారు. కానీ ఆమెకున్నది ఇల్లు దాటనివ్వని ఒక జబ్బు. ఆ జబ్బుతో బతికేవాళ్ల గురించి ఆలోచిస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

షికాగో సౌత్ సైడ్‌లో ఆమె ఇల్లు. లోపలికి వచ్చేవాళ్లు బూట్లు విప్పాల్సిందే. మురికి అంటే భయం, ఇల్లంతా శుభ్రం, వంటింట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది. గుమ్మం దాటమంటే మాత్రం ఊపిరి ఆడదు. అగోరాఫోబియా.

ఇది ఖాళీ మైదానాన్ని చూసి భయపడే జబ్బు అనుకుంటారు. అసలు భయం వేరు. "ఇక్కడ నాకేమైనా అయితే బయటపడే దారి ఉండదు, పట్టించుకునేవాళ్లు ఉండరు" అన్నది ఆ భయం. అందుకే బస్సు, క్యూ, సినిమా హాలు, ఒంటరిగా రోడ్డు మీద నడవడం, అన్నీ భయపెడతాయి. ఒకసారి మార్కెట్‌లో గుండె దడదడలాడి, చెమటలు పట్టి, చచ్చిపోతున్నానేమో అనిపిస్తుంది. మర్నాడు మార్కెట్ మానేస్తారు. ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే అసలు చిక్కు. వెళ్లకపోవడం వల్లే బతికాను అని మనసు నమ్మేస్తుంది. మార్కెట్ తర్వాత బస్సు, బస్సు తర్వాత వీధి. చివరికి ఇల్లొక్కటే మిగులుతుంది.

మా బంధువుల్లో ఒకావిడ పెళ్లిళ్లకు రావడం మానేసింది. మోకాళ్ల నొప్పులని చెప్పేది. చుట్టాలు మాత్రం గర్వం అని తేల్చేశారు. ఆవిడకున్నది ఈ జబ్బే అని నేను చెప్పలేను. కానీ ఎందుకు రాలేకపోతున్నావని ఎవరూ దగ్గర కూర్చుని అడగలేదు. అది నాకు తెలుసు.

టీవీ వాళ్ల మీద నా కోపం ఇక్కడే. ఈ భయాన్ని ఒక్క సీన్‌లో తీర్చేస్తారు. బిడ్డకు ఆపద వస్తుంది, తల్లి పరుగెత్తుకొస్తుంది, మ్యూజిక్ మోగుతుంది, జబ్బు పోతుంది. 'మంక్' అనే ఇంకో అమెరికన్ సీరియల్‌లో ఆంబ్రోస్ ఉన్నాడు, డిటెక్టివ్ మంక్‌కు అన్నయ్య. జాన్ టర్టురో వేశాడు. దశాబ్దాలుగా ఇల్లు కదలడు. చిన్నప్పుడు వెళ్లిపోయిన తండ్రి ఎప్పటికైనా తిరిగొస్తాడని ఉత్తరాలన్నీ సర్ది దాచి పెట్టుకుంటాడు. ఇల్లు అంటుకుంటే తమ్ముడు బయటికి తీసుకొస్తాడు. ఆ ఎపిసోడ్ నాకు ప్రాణం. తర్వాత మళ్లీ కనిపించినప్పుడు అతను ఆ ఇంట్లోనే ఉంటాడు, అందుకు రచయితలకు దండం పెడతాను. మంటలు మనిషిని బయటికి తెస్తాయి కానీ భయాన్ని తీసేయవు.

భయం తగ్గేది మెల్లగానే. డాక్టర్లు చేయించేదీ అదే. ఈరోజు గేటు దాకా, ఇంకో రోజు వీధి మలుపు దాకా. దడ వచ్చినా పారిపోకుండా, అది దానంతటదే తగ్గేదాకా అక్కడే నిలబడడం. చాలామందికి మందులు కూడా సాయపడతాయి. షీలా అడుగు బయట పెడుతుంది, బెదిరి లోపలికి వచ్చేస్తుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆమెను నవ్వులపాలు చేసిన సీన్లు ఉన్నాయి, కాదనను. అయినా క్యూసాక్ ముఖంలో ఆ భయం నిజం.

ఇంకో సంగతి. షీలాను చెయ్యి పట్టుకుని నడిపించిన మహానుభావుడెవరూ లేడు. భర్త ఎడ్డీ వెళ్లిపోతాడు. ఫ్రాంక్ ఆ ఇంట్లో చేరింది ఆమెకు ఈ జబ్బు వల్ల ప్రభుత్వం నుంచి వచ్చే డిజెబిలిటీ డబ్బు చూసే. బయటికి రాగలిగాక కూడా ఆమె బతుకు పూలబాట కాలేదు. కూతురు కరెన్‌తో గొడవలు, మనవడు హైమీ దూరం కావడం, అన్నీ పడింది. భయం తగ్గినంత మాత్రాన కష్టాలు తగ్గవు, వాటిని బయట నిలబడి ఎదుర్కోగలగడమే తేడా. ఐదో సీజన్‌లో ఆమె ఆర్వీ, అంటే ఇల్లులా ఉండే పెద్ద బండి, వేసుకుని ఒంటరిగా దేశం చూడడానికి బయలుదేరిపోతుంది. ఆ పాత్రకే 2015లో క్యూసాక్‌కు టీవీ నటులకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది.

మన సీరియళ్లు రాసేవాళ్లను అడుగుతున్నాను. ఏడాదుల తరబడి ఎపిసోడ్లు తీస్తారు, మెల్లగా చెప్పాల్సిన కథకు మీ దగ్గరున్నంత సమయం ఇంకెవరి దగ్గర ఉంటుంది? సిటీ బస్సెక్కలేని ఒక అమ్మాయిని రాయండి. గుడిగంట మోగగానే నయమైపోయే సీన్ వద్దు. బస్టాప్ దాకా వెళ్లి, బస్సు వచ్చినా ఎక్కలేక ఇంటికొచ్చేసే ఎపిసోడ్ ఒకటి తీయండి. మర్నాడు ఆమె మళ్లీ వెళ్లే ఎపిసోడ్ కూడా.