హండ్రెడ్ పర్సెంట్ జూమ్ గారికి, నెల్లూరు నుంచి

జూమ్ సారూ,

ఫొటోలో ఒక్కో పిక్సెల్‌నీ స్క్రీన్ మీద ఒక్కో చుక్కగా లాగి చూపించే మీరు మా ట్రంకురోడ్డు పక్క స్టూడియోలో మకాం పెట్టినప్పట్నుంచీ ఫొటోలో మనిషి మొహం చూసేవాడు లేడు, అందరూ చెవికమ్మ కింద నీడలో గ్రెయిన్ (ఇసక చల్లినట్టుండే చుక్కలు, నాయిస్ అన్నా అదే) ఏరతా కూర్చున్నారు. టేబుల్ మీద రెండు సోనీ కెమెరా బాడీలు. ఒకటి ఏ7 త్రీ, 24 మెగాపిక్సెల్, రెండోది ఏ7ఆర్ ఫోర్, 61. ఐఎస్‌వో (తక్కువ వెలుతుర్లో ఫొటోని వెలిగించే సెట్టింగు) 6400 పెట్టి ఒకే ఫొటో రెండింట్లో తీసి, మీ దయతో రెండూ వందకి లాగి, 'చూడన్నా 61 దాంట్లో ఎంత నాయిసో' అంటాడు మా తమ్ముడు, అంతే, తీర్పు అయిపోయింది.

ఏంది సారూ ఇది? రెండు సెన్సర్లూ (కెమెరాలో వెలుతురు పట్టే పలకలు) దాదాపు 36 బై 24 మిల్లీమీటర్లేగదా. ఒకే లెన్సు, ఒకే ఎఫ్ నంబరు (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పేది), ఒకే షట్టరు అయితే మొత్తం మీద పడే వెలుతురు రెండిటికీ ఒకటే. ఒకదాంట్లో పిక్సెల్ 5.9 మైక్రాన్లు, ఇంకోదాంట్లో 3.8, చిన్న పిక్సెల్‌ని విడిగా పట్టుకుని చూస్తే నాయిస్ కనపడకేం జేస్తది? మీరేమో 61 దాన్ని ఒకటిన్నర రెట్లకి పైగా పెద్దది చేసి చూపిస్తా, ఇద్దరికీ ఒకటే నూరు అంటారు. రెండూ 12 బై 18 షీటు మీద ప్రింటు తీసి పెట్టండి (300 డీపీఐకి 19 మెగాపిక్సెల్ చాలు), ఏది దేందో చెప్పినోడికి మా ఇంట్లో చేపల పులుసు.

మొహర్రానికి మా రొట్టెల పండగలో బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె పట్టుకుంటారా, మావోడు ఈసారి సెన్సర్ రొట్టె పట్టుకుంటాడంట! కోరిక తీరినోళ్లే గదా రొట్టె ఇచ్చేది, 61 కొన్నాక కోరిక తీరినోడు యాడ దొరకతాడబ్బా.

అట్టని 61 దండగ అననులే. ఒంగోలు వైపు ఎడ్ల పందేలకి పోతే, దూరంగా బండ లాగే జతని ఏపీఎస్‌సీ సైజుకి (ఇంతకంటే చిన్న సెన్సరు సైజు) క్రాప్ చేసినా 26 మెగాపిక్సెల్ మిగలతాయి, అది పనికొచ్చేదే. కాకపోతే మిట్టమధ్యాన్నం ఎండలో తెల్ల గిత్త మూపురం మీద ఎక్స్‌పోజరు ఎక్కువైందంటే అది సున్నం కొట్టిన గోడే, అక్కడ మీరు నాలుగొందల శాతానికి పోయినా ఒక్క వెంట్రుక దొరకదు.

ఇంకోటి. అన్‌కంప్రెస్డ్ రా (సెన్సరు పట్టిందంతా కుదించకుండా దాచే ఫైలు) తీస్తే 61 దాంట్లో ఫైలు ఒక్కోటీ 120 ఎంబీ, 24 దాంట్లో 50 లోపే. నిన్నటి పెళ్లి ఫొటోల మెమరీ కార్డులు ఇంకా కాపీ అవతానే ఉండాయి. అయ్యేదాకా మీరే కూర్చోండి, మేం అన్నానికి పోతన్నాం.

ఇట్లు,
స్టూడియోలో ఎడిటింగ్ చేసేవోడు