రచయితకు బ్రేక్ దర్శనం

పిల్లల సాహిత్యం మీద మన ప్రైవేటు బడులకు భక్తి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉన్నది భక్తే. కావాలంటే తిరుపతిలోని ఒక బడిలో ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ గారు ఫోన్లో నాతో అన్న మాట వినండి. పిల్లల రచయితను పిలుస్తున్నారు కదా, ఆయనకు ఏమిస్తారని అడిగితే, "డబ్బుల మాటెందుకు సార్, దర్శనం చేయిస్తాం" అన్నాడు.

రచయిత పలమనేరు వైపు పెద్దాయన. రిటైరైన అయివోరు. కౌండిన్య అడవిలోంచి దిగి పొలాల మీద పడే ఏనుగుల గురించి పిలకాయలకు మహా రుచిగా కథలు రాస్తాడు. బేరాలాడటం మాత్రం చేతకాదు. అందుకే ఈ వ్యవహారంలో నన్ను మధ్యలో పెట్టుకున్నాడు.

మా వైపు వాళ్లకు దర్శనం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ అది రూపాయి కన్నా గట్టిగా చెలామణి అవుతుంది. 2022 ఏప్రిల్లో చిత్తూరు జిల్లాను విడగొట్టారు గానీ ఈ అలవాటును ఎవరూ విడగొట్టలేకపోయారు. డాక్టరుకు దర్శనం, ఆడిటరుకు దర్శనం, హైదరాబాదు నుంచి వచ్చిన బావగారి బాసుకు దర్శనం. కానీ వాళ్లందరికీ ఫీజు ఇచ్చాక, దాని మీద మర్యాదగా దర్శనం. ఫీజుకు బదులు దర్శనం అనే సౌకర్యం రచయితకు ఒక్కడికే.

దర్శనమంటే ఏ దర్శనం అని అడిగాను. బ్రేక్ అన్నాడు, అంటే పెద్దల సిఫారసు మీద దొరికే వీఐపీ దర్శనం. అబ్బో అనుకున్నాను. కొంచెం కదిపితే లోపలి సంగతి బయటపడింది. సిఫారసు లెటర్ ఇంకా రాలేదు. ఎమ్మెల్యే గారి పీఏతో మాట్లాడుతున్నారు. లెటర్ వచ్చినా సరిపోదు, బ్రేక్ దర్శనానికి మనిషికి 500 రూపాయల టికెట్ ఉంటుంది. అదెవరు కడతారు? "అది సార్ చూసుకుంటారు కదండీ" అన్నాడు. లెక్క తేలిపోయింది. పలమనేరు నుంచి చిత్తూరు మీదుగా తిరుపతికి వచ్చి, ఒక పూటంతా పిల్లలతో గడిపినందుకు రచయితకు ముట్టే పారితోషికం మైనస్ 500. బస్సు చార్జీ వేరే.

అదే స్వామి, కింద తిరుపతిలో విష్ణు నివాసం సత్రం దగ్గర వరుసలో నిలబడిన వాడికి పైసా అడక్కుండా దర్శనం టోకెన్ ఇప్పిస్తాడు. అలిపిరిలో 3,550 మెట్లూ ఎక్కిపోతానంటే ఎవరూ వద్దనరు. ఆయన ఊరందరికీ ఊరకే ఇచ్చేదాన్ని ఈ బడివాళ్లు తమ జేబులోంచి తీసిస్తున్నట్టు ఫోజు కొట్టడం నాకు మింగుడుపడలేదు. పైగా ఎవరి దర్శనం? పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పుచేసి, పత్రం రాసిచ్చి, ఈ రోజుకీ వడ్డీ కడుతున్న దేవుడి దర్శనం! బాకీని బాకీ అని ఒప్పుకున్న పెద్దమనిషి ఆయన. ఆయన పేరు చెప్పి బాకీ ఎగ్గొడతారా? సరస్వతి బిడ్డకు లక్ష్మీపతిని చూపిస్తారట, లక్ష్మిని మాత్రం చూపించరట.

పోనీ, అందరికీ ఇదే పద్ధతి పెట్టారేమో కనుక్కుందామని వాకబు చేశాను. ఫ్లెక్సీ వేసినాయనకు దర్శనం చేయించలేదు, అడ్వాన్సుగా నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. షామియానా ఆయనకు నోట్లు. మైకుసెట్టు కుర్రాడికి ఫోన్‌పే. గాంధీరోడ్డులో శాలువాలు అమ్మినాయన "స్వామి దయ వల్ల రోజూ ఇక్కడే ఉంటాను, నాకు దర్శనమెందుకు, డబ్బివ్వండి" అన్నాడట. అంత తెలివి రచయితకు ఎక్కడిది పాపం!

నవంబరు 14 బాలల దినోత్సవం. అదే రోజు గ్రంథాలయ వారోత్సవాలు మొదలై 20 దాకా సాగుతాయి. ఆ వారమంతా పిల్లల రచయితలకు పెళ్లి ముహూర్తాల్లో పురోహితుడికి ఉన్నంత గిరాకీ. మిగతా యాభై ఒక్క వారాలూ వాళ్లు బతికున్నదీ లేనిదీ ఎవరికీ పట్టదు. అయితే మాకు నవంబరంటే వాయుగుండం కూడా. మొదట పెట్టుకున్న రోజున కలెక్టరు గారు బడులకు సెలవిచ్చారు. ఆ కబురు రచయితకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పెద్దాయన చిత్తూరు బస్టాండులో తడిసి ముద్దై నాకు ఫోన్ చేశాడు. "ఏం నా, వాన పడతా ఉండాది, బడి ఉంటాదా?" నేనే వెనక్కి పొమ్మన్నాను.

రెండోసారి సభ జరిగింది. ఫ్లెక్సీలో కరస్పాండెంట్ గారు నిలువెత్తున నమస్కరిస్తున్నారు. వారి సతీమణి డైరెక్టరు గనుక నడుము దాకా ఉన్నారు. బామ్మర్ది అకడమిక్ ఇన్‌ఛార్జి గనుక భుజాల దాకా ఉన్నాడు. మా రచయిత కుడివైపు కింద, ప్రింటింగ్ ప్రెస్సు వాడి ఫోన్ నంబరు పక్కన, పాస్‌పోర్టు సైజులో ఉన్నాడు.

ప్రార్థన అయింది. పెన్‌డ్రైవ్‌లోంచి 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' వచ్చింది. అది రాసిన శంకరంబాడి సుందరాచారి గారిది ఈ ఊరే. ఆయన పేరుతో ఒక సర్కిలుంది, షేర్ ఆటోవాళ్లు పొద్దస్తమానం ఆయన పేరే కేకలేస్తుంటారు. తిరుపతిలో ఒక రచయిత అందుకోగలిగిన శిఖరం అదే.

ఆ తర్వాత శాలువాల ఘట్టం. దీన్ని మాత్రం నేను తొందరగా వదలను. వేదిక మీద పదకొండు కుర్చీలు: కరస్పాండెంటు, డైరెక్టరు, బామ్మర్ది, ప్రిన్సిపల్, డివిజన్ నాయకుడు, ఆయన వెంట వచ్చినాయన, బ్యాంకు మేనేజరు, బడికి యూనిఫాం బట్ట సరఫరా చేసే ఆయన, బస్సులకు డీజిలు పోసే బంకు ఆయన, పేరెంట్స్ తరఫున ఒకాయన, చిట్టచివర రచయిత. జ్యోతి వెలిగించారు, గాలికి ఆరింది, మళ్లీ వెలిగించారు, ఫొటో రాలేదంటే ఆర్పి మళ్లీ వెలిగించారు. సన్మానం మొదలైంది. నాయకుడికి శాలువా. వెంట వచ్చినాయనకు శాలువా. మేనేజరుకు, బట్టలాయనకు, డీజిలాయనకు శాలువాలు. బామ్మర్దికి బావ కప్పాడు, బావకు బామ్మర్ది కప్పాడు. రచయిత దగ్గరికి వచ్చేసరికి పళ్లెం ఖాళీ. పది తెచ్చారు, పదీ అయిపోయాయి. ఎవరికోసం సభ పెట్టారో ఆయన్ని లెక్కలో వేసుకోలేదు!

ఏఓ చురుకైన మనిషి. క్షణం ఆలోచించలేదు. బట్టలాయన భుజాల మీది శాలువా లాఘవంగా లాగి పెద్దాయనకు కప్పించాడు. చప్పట్లు. ఫొటో. మా పెద్దాయన దండం పెట్టి కూర్చున్నాడు. బట్టలాయన కాసేపు ఓర్చుకున్నాడు, తర్వాత మెల్లిగా వంగి, "సామీ, ఫొటో అయిపోయినట్టుంది" అని తన శాలువా తాను తీసేసుకున్నాడు. బడికి ఏటా వేల మీటర్ల బట్ట అమ్మే మనిషి ఒక గజం గుడ్డ దగ్గర చూపించిన పట్టుదల చూసి, వాణిజ్యం ఎలా చెయ్యాలో నేర్చుకున్నాను.

ప్రసంగాలు. వేదిక మీద మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ "మేమంతా చందమామ చదివే పెరిగాం" అన్నారు. చందమామ 1947లో మొదలైంది, చాలా ఏళ్ల కిందట ఆగిపోయింది. అది ఆగిన దగ్గర్నుంచి వీళ్ల పెరుగుదల కూడా ఆగినట్టుంది, తర్వాత చదివిన పుస్తకం పేరు ఒక్కరూ చెప్పలేదు. కరస్పాండెంట్ గారైతే 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడు దగ్గరున్న ఐఐటీని వర్ణించి, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోర్సు ఎందుకు తీసుకోవాలో, ఆ ఫీజు రెండు వాయిదాల్లో ఎలా కట్టవచ్చో ముప్పావుగంట వివరించారు. పిల్లలు తడి టార్పాలిన్ మీద కూర్చుని విన్నారు. అప్పుడు రచయితను మాట్లాడమన్నారు. చెవిలో "పది నిమిషాలు సార్, లంచ్ బెల్ ఉంది" అన్నారు.

ప్రశ్నల కార్యక్రమం కూడా పెట్టారు. తెలుగు మేడమ్ ముందే చీటీలు రాసిచ్చింది. ఒక అమ్మాయి లేచి, "మీకు రచనా వ్యాసంగం పట్ల అభిరుచి కలుగుటకు ప్రేరణ ఎవరు?" అని చదివి కూర్చుంది. జవాబు వినాల్సిన అవసరం చీటీలో రాయలేదు మరి. నాలుగో చీటీ అయ్యాక వెనక వరుసలోంచి, చీటీ లేకుండా, ఒక హాస్టలు పిల్లోడు లేచాడు.

"సార్, మా అవ్వోళ్ల అరటితోటను ఏనుగు తొక్కేసింది సార్. అది మీ కతలో ఏనుగేనా?"

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "యా ఊరు నాయినా మీది?"

"రామకుప్పం దగ్గిర సార్."

"నా ఏనుక్కి ఎడమ చెవి చినిగుంటాది. మీ అవ్వ చెవి చూసిందా?"

"చూళ్లేదంట సార్. పరిగెత్తిందంట."

బడి బడంతా ఫక్కున నవ్వింది. మూడొందల మంది పిల్లలు ఒక్కసారిగా ముందుకు జరిగారు. ఆ పూటకు ఏదైనా పనికొచ్చే పని జరిగిందంటే అదే. అప్పుడే ఏఓ మైకు లాక్కున్నాడు. "స్పీక్ ఇన్ ఇంగ్లీష్, నాన్నా. సిట్ డౌన్." పిల్లోడు కూర్చున్నాడు. ఇన్‌ఛార్జి వాడి దగ్గరికెళ్లి పేరు రాసుకున్నాడు. తెలుగు మాట్లాడితే ఆ బడిలో ఫైనట.

తెలుగు రచయితను పిలిచి, తెలుగు పాట పెట్టి, తెలుగులో మాట్లాడిన పిల్లోడికి ఫైనేస్తారా? సిగ్గుండాలి కదయ్యా! వాడు పుస్తకం చదివాడు. ఎవరూ కొనివ్వకపోయినా ఎక్కడో సంపాదించి చదివాడు. చదివి, అందులోని ఏనుగును తీసుకెళ్లి వాళ్లవ్వ తోటలో నిలబెట్టుకున్నాడు. ఆ వేదిక మీద పదిమంది శాలువాదారుల్లో ఒక్కడు ఆ పని చేయగలడా? అలాంటి ప్రశ్న ఒక్కటి వినడానికే ఆ ముసలాయన మోకాళ్ల నొప్పులతో ఇంత దూరం బస్సులో నిలబడి వస్తాడు. మీకు చేతులెత్తి మొక్కుతా, ఆయన్ని పిలవకపోతే పోయారు, ఆ పిల్లోడి నోరు నొక్కకండి.

లైబ్రరీ చూస్తానన్నాడు పెద్దాయన. తాళంచెవి పీఈటీ సార్ దగ్గరుంది, ఆయన పిల్లల్ని తీసుకుని కబడ్డీ పోటీలకు పోయాడు. కిటికీలోంచి చూశాం. యూనిఫాం మూటలు, పగిలిన గ్లోబు, అడ్మిషన్ కరపత్రాల కట్టలు. గాజు బీరువాలో ప్లాస్టిక్ కవరు విప్పని ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం. ఫీజు రసీదులో మాత్రం లైబ్రరీ అని ఒక వరుస ఉంటుంది, ఏటా వసూలవుతుంది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో పత్రికలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో స్పష్టంగా ఉంది. చదవాలంటే అదీ పుస్తకమే కదా, ఎవరు చదువుతారు!

నేను అడిగింది ఆకాశంలో చుక్కలు కాదు. సభ వద్దు, జ్యోతి వద్దు. పెద్దాయన పుస్తకం 80 రూపాయలు. ఒక్క తరగతికి నలభై కొంటే 3,200. షామియానా అద్దె అంతకన్నా ఎక్కువ. నెల ముందు కొని పిల్లల చేతుల్లో పెట్టి, ఆయన్ని తరగతి గదిలో వదిలి తలుపేసి, పెద్దవాళ్లంతా బయటికి పొండి. మర్యాదగా ఒక కవర్లో డబ్బు పెట్టివ్వండి. ఏఓకి చెబితే, "బుక్స్ సార్ ఫ్రీగా తెస్తారనుకున్నామే" అన్నాడు.

పుస్తకాలు లేకపోయినా పిల్లలకు రచయిత సంతకం కావాలనిపించింది. బెల్లు కొట్టగానే ఆయన చుట్టూ మూగారు. చేతిలో ఉన్నవి స్కూలు డైరీలే. ఆయన కళ్లద్దాలు సర్దుకుంటూ, చూపించిన ప్రతి డైరీలో, ఖాళీగా కనబడిన చోటల్లా ఓపిగ్గా సంతకం పెట్టాడు. ఆ ఖాళీ తల్లిదండ్రుల సంతకం గడి.

సోమవారం క్లాస్ టీచర్లు డైరీలు తెరిచారు. ఆరో తరగతి రెండు సెక్షన్లలో పిల్లలందరికీ తండ్రి ఒక్కడే. వాట్సాప్ గ్రూపుల్లో హెచ్చరిక వెళ్లింది, పేరెంట్స్‌ని పిలిచారు, వివరణలు రాయించుకున్నారు. చివరికి ప్రిన్సిపల్ మేడమ్ నాకే ఫోన్ చేసింది. సార్ ఒకసారి వచ్చి ఆ సంతకాలన్నీ కొట్టేసి, పక్కన ఇనిషియల్ వెయ్యాలట. రానూపోనూ బస్సు చార్జీలు ఇస్తారట.