మారని ఉత్ప్రేరకం ఎక్కడుంది?

‘చర్య వేగాన్ని పెంచుతుంది, తాను మాత్రం మారదు’. ఉత్ప్రేరకం గురించి బడిలో బట్టీ పట్టిన మాట ఇది. పరీక్షలో మార్కులు తెస్తుంది కానీ సగమే నిజం. ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటే పై వరుస పరమాణువులు జరిగి కొత్త అమరికలోకి వస్తాయి. ఆ అమరిక ఆక్సిజన్‌ను బాగా పట్టుకుంటుంది. చర్య ఊపందుకుని కార్బన్ మోనాక్సైడ్ ఖర్చయ్యాక పరమాణువులు మళ్లీ పాత చోటికే చేరతాయి. ఇలాంటి ఉపరితల చర్యల గుట్టు విప్పినందుకే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్ట్ల్‌కు 2007లో నోబెల్ వచ్చింది.

కాబట్టి మారడం కొత్త కాదు. ఆ మార్పును మనకు పనికొచ్చేలా మలచడమే కొత్త. పరిస్థితిని బట్టి ఇలా మారేవాటిని ‘అనుకూలించే’ ఉత్ప్రేరకాలు అంటున్నారు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ కారు పొగగొట్టంలోనిది. పెట్రోల్ ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఒక క్షణం ఎక్కువగా, మరుక్షణం తక్కువగా ఉంటుంది. పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకంలోని పల్లాడియం లోహపు రేణువులు ఆ పొగ వేడికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి, పనితనం పడిపోతుంది. 2002లో దైహట్సు కార్ల కంపెనీ, జపాన్ పరిశోధకులు కలిసి పల్లాడియాన్ని పెరోవ్‌స్కైట్ అనే ఆక్సైడ్ స్ఫటికంలో ఇమిడ్చారు. ఆక్సిజన్ ఎక్కువైతే పల్లాడియం స్ఫటికంలోకి దూరుతుంది, తగ్గితే సన్నటి రేణువులుగా బయటికొస్తుంది. లోపలికీ బయటికీ తిరుగుతుంటే ఇక ముద్దకట్టే వీలెక్కడిది? దీన్ని ‘తెలివైన ఉత్ప్రేరకం’ అన్నారు. అందులో సెన్సరూ లేదు, తెలివీ లేదు. పొగలోని ఒడిదుడుకులే దానికి రిపేరు చేస్తున్నాయి.

జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో రసాయన శాస్త్రవేత్త వాల్టర్ లైట్నర్ బృందం ఇంకో అడుగు వేసింది. అక్కడి రుథీనియం అనే లోహపు నానోరేణువులకు (అతి సూక్ష్మ రేణువులకు) వట్టి హైడ్రోజన్ ఇస్తే ఒకే ముడిపదార్థం నుంచి ఒక పదార్థం వస్తుంది. ఆ హైడ్రోజన్‌కు కార్బన్ డయాక్సైడ్ కలిపితే వేరే పదార్థం వస్తుంది. ఎండ, గాలి కరెంటుతో తీసే హైడ్రోజన్ నిలకడగా రాదు కనుక, సరఫరా మారినా తట్టుకునే ఉత్ప్రేరకాల అవసరం పెరుగుతోంది. హైడ్రోజన్‌నే ముడిసరుకుగా వాడుతూ, ఒకే ఒత్తిడిలో, ఒకే వేడిలో ఆగకుండా నడిచేలా కట్టిన అమ్మోనియా ప్లాంట్లకు ఇదే టెన్షన్.

అయితే ‘అనుకూలించే’ అనే మాటను కొందరు మరీ చౌకగా వాడుతున్నారు. బయటి నుంచి వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉత్ప్రేరకాన్ని ఆడించే పద్ధతి ఒకటుంది. ఆసక్తికరమైనదే, కానీ అక్కడ మారేది మన చెయ్యి. నా లెక్కలో పరీక్ష ఒక్కటే: పరిస్థితి మళ్లీ మొదటికొస్తే ఉత్ప్రేరకం కూడా తనంతట తాను మొదటికి రావాలి. ముడిచమురు భాగాలను విడగొట్టే రిఫైనరీ యూనిట్లలో ఉత్ప్రేరకం మీద కొద్ది సెకన్లలోనే బొగ్గు పేరుకుంటుంది. అదీ మార్పే, కానీ తనంతట తాను తిరిగిరాదు. ఆ బొగ్గును పక్క గదిలో కాల్చేసి, అదే ఉత్ప్రేరకాన్ని మళ్లీ లోపలికి పంపుతారు. అంటే అక్కడ అనుకూలించేది ప్లాంటు.